హాల్లో పట్టని వ్యాను

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. మా బాబాయి, బండ్ల సీట్లకు గుడ్డ వేసే పనిలో ఊరు మొత్తం మీద తనను మించినవాడు లేడని తనే చెప్పుకునేవాడు. మా పిన్ని, ఆ షాపులో మిషను కుట్టే మనిషి, ఇంట్లో ఎవరి నోరు ఎప్పుడు మూయించాలో తెలిసిన మనిషి. పిన్ని తమ్ముడు, షాపులో గుడ్డ కత్తిరిస్తాడు. ఫోనులో కనిపించిందల్లా పైకి చదివి వినిపిస్తాడు కాబట్టి అందరూ ఆయన్ని ప్రొఫెసర్ అంటారు, అది వెక్కిరింత అని ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఆయన భార్య, అంటే మా అత్తయ్య, ఏ పనీ చెయ్యకుండానే అలిసిపోతుంది. బాబాయి కొడుకులు పెద్దోడు, చిన్నోడు. మా నానమ్మ. మూడు వ్యాన్ల సీట్లు. నేను.

సీట్లను మనుషుల లెక్కలో కలిపానని ఎవరైనా నవ్వొచ్చు. ఆ రోజు ఆ ఇంట్లో సీట్లకు దొరికిన మర్యాద నాకు దొరకలేదు. వాటి పేరు నా పేరు కంటే ముందు రాయడమే న్యాయం.

సంగతి ఏమిటంటే, వచ్చే నెలలో బాబాయి షాపు ఊరి చివర పెద్ద రోడ్డు మీదికి మారుతోంది. ఇంటిల్లిపాదీ రోజూ పొద్దున్నే అటు వెళ్లాలి. పిల్లల బడి ఆ దారిలోనే. నానమ్మ ఇంట్లో ఒక్కతే ఉండనంటుంది, షాపులో కూర్చుని గుండీలకు గుడ్డ చుడుతుంది. నేను చేరబోయే కాలేజీ కూడా ఆ రోడ్డు మీదే, షాపు దాటాక ఉంది. అటు బస్సు లేదు. మా ఊళ్లో బడి పదో తరగతితో అయిపోతే, "పిల్లని నా దగ్గరికి పంపు అన్నయ్యా, మా బండిలోనే దింపుతాం, మా బండిలోనే తెస్తాం" అని బాబాయి మా నాన్నతో ఫోనులో అన్నాడు. అప్పటికి బాబాయికి ఉన్న బండి ఒక స్కూటరు. ఇప్పుడు వ్యాను కొంటున్నారు. అందులో నాకు చోటుంటే కాలేజీ. లేకపోతే లేదు. నా విషయం అంతే. మిగతా ఏడుగురి విషయం ఎవరికి ఏ కిటికీ అన్నది.

వ్యాను కొనాలంటే ఎవరైనా షోరూంకి వెళతారు. బాబాయి వెళ్లనన్నాడు. "అక్కడ టై కట్టుకున్న కుర్రాడు పక్కనే నిలబడి నవ్వుతుంటాడు. వాడి నవ్వు చూసి కొనాలా, సీటు చూసి కొనాలా?" అన్నాడు. బండి అంటే సీటే అని మా బాబాయి నమ్మకం. ఇంజను, చక్రాలు, బ్రేకులు అన్నీ ఆ సీటును ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకుపోవడానికి పెట్టుకున్న కూలీలు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

అప్పటికి మూడు రకాల వ్యాన్ల సీట్లు గుడ్డ మార్చడానికి విప్పి షాపులో ఉన్నాయి. శనివారం సాయంత్రం వాటిని ట్రాలీలో వేసుకుని ఇంటికి తెచ్చారు. సొంతదారులకు చెప్పలేదు. సోఫాను పడకగదిలోకి నెట్టి, హాలు ఊడ్చి, గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో బాబాయి నేల మీద వ్యాను గీశాడు. లోపలి పొడవు, వెడల్పు ప్రొఫెసర్ ఫోనులో చూసి చెప్పాడు. టేపు రెండో కొస నేను పట్టుకున్నాను. ఆ ఇంట్లో ఏ పనిలోనైనా రెండో కొస నాదే.

నన్ను అక్కడ పిల్లి అంటారు. నడిచినా తిన్నా చప్పుడు చెయ్యనని. చప్పుడు చేస్తే ఏమంటారో తెలుసు కాబట్టి చెయ్యను.

వ్యాన్లకు కూడా పేర్లున్నాయి. కంపెనీ పేర్లు షాపులో ఎవరూ వాడరు. బూడిద రంగులో గుండ్రంగా ఉండేది పావురం. వెనక భాగం వంగి ఉండేది అరటిపండు. మూడోది ఏనుగు, దాన్ని చూస్తే ఎందుకన్నారో అడగక్కర్లేదు.

మొదట పావురం. గీతల మధ్య దాని సీట్లు ఏడు సర్దారు. ముందు రెండు, మధ్యలో రెండు, వెనక మూడు. బాబాయి డ్రైవరు చోట కూర్చుని, స్టీరింగు ఉంటే గానీ ఊహకు అందదని వంటింట్లోంచి పెద్ద గిన్నె మూత తెప్పించుకున్నాడు. నలభై దాటిన మనిషి గిన్నె మూత రెండు చేతులా పట్టుకుని, హాల్లో గోడ వైపు చూస్తూ, "ఎక్కండి ఎక్కండి, టైమవుతోంది" అన్నాడు. ఎక్కారు. లేని తలుపును తీసి మరీ ఎక్కింది అత్తయ్య.

"ముందు లెగ్‌రూం చూడు బావా," అన్నాడు ప్రొఫెసర్, మధ్య సీట్లో కాళ్లు బార్లా చాపి.

"నీకు లెగ్‌రూం దేనికిరా, నువ్వు కాళ్లు వాడిందెప్పుడు?"

"నేను తలుపు పక్కన కూర్చుంటాను," అంది నానమ్మ. "నాకు కళ్లు తిరుగుతాయి."

"హాల్లో కూడా తిరుగుతాయా అత్తయ్యా?" అంది పిన్ని.

"మీ ఆయన నడిపితే ఎక్కడైనా తిరుగుతాయి."

అందరూ నవ్వారు. బాబాయి మలుపు తిప్పినట్టు మూత తిప్పాడు, చిన్నోడు ఒక పక్కకు ఒరిగాడు, పెద్దోడు వాడి మీద పడ్డాడు, ఇద్దరూ కొట్టుకున్నారు. పిన్ని తన చేతిసంచి పెట్టుకునే చోటు కోసం వెతికింది. అత్తయ్య సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు అర్థం మా తెలుగు మాస్టారు క్లాసులో చాలాసేపు చెప్పారు. ఆ హాల్లోకి ఒకసారి తొంగి చూడమంటే సరిపోయేది.

"నువ్వేం చేస్తున్నావే పిల్లీ, గోడకి ఆనుకుని?" అంది పిన్ని.

"టేపు పట్టుకున్నాను పిన్నీ."

"బాగుంది. అలాగే పట్టుకో."

ఏడు సీట్లు, ఏడుగురు మనుషులు. ఎవరి చోటులో వాళ్లు అంత సరిగ్గా అమరిపోయారంటే, ఇంకొకరు ఉన్నారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం వేరు, గుర్తొచ్చినా చెప్పకపోవడం వేరు. అప్పటికి మొదటిదే అనుకున్నాను.

"ధర కూడా దీనికే తక్కువ," అని ప్రొఫెసర్ ఫోను తీశాడు. "ఇక సొంతదారుల తృప్తి. కొన్నవాళ్లు ఏమంటున్నారో వినండి. ఇదిగో, ఐదు చుక్కలు. 'అద్భుతమైన వాహనం. మా కుటుంబానికి సరిగ్గా సరిపోతుంది. డెలివరీ వచ్చే వారం.'"

"వచ్చే వారమా?" అంది నానమ్మ. "ఇంకా రాలేదా?"

"రాబోతోంది కదమ్మా. నమ్మకంతో ఇచ్చాడు."

"పెళ్లికి ముందే పెళ్లాం మంచిదన్నట్టు."

"అరటిపండుకి ఒక్క చుక్కే ఇచ్చాడు ఒకడు," అన్నాడు ప్రొఫెసర్, నానమ్మ మాట పట్టించుకోకుండా. "'షోరూంలో కాఫీ ఇవ్వలేదు' అట. ఇలాంటివి మనం జాగ్రత్తగా చూసుకోవాలి బావా."

కాఫీ ఇవ్వకపోతే వ్యాను ఎలా చెడిపోతుందో ఆయన్ని ఎవరూ అడగలేదు. అంతేకాదు, పిన్ని తల కూడా ఊపింది.

రెండోసారి అరటిపండు గీశారు. పాత గీతలు తడిగుడ్డతో తుడిచింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. అరటిపండుకు ఎనిమిది సీట్లు. వెనక వరసలో మూడు ఉన్నాయి గానీ, అవి మనుషుల కోసం చేసినవో, సంచుల కోసం చేసినవో కంపెనీ తేల్చుకోలేదు. అక్కడ కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి.

"వెనక పిల్లలు కూర్చుంటారు," అంది పిన్ని. "పిల్లి కూడా. సన్నగానే ఉంది కదా, దానికేం."

ఆ మాటకు నేను ఎంత తొందరగా వెళ్లి కూర్చున్నానంటే, చేతిలో టేపు దానంతటదే సర్రున చుట్టుకుపోయింది. పెద్దోడు ఒక పక్క, చిన్నోడు ఒక పక్క. ఇద్దరూ మోచేతులతో పొడిచారు. నాకు బాగానే ఉంది. అలా రోజూ పొడిపించుకుంటూ కాలేజీకి వెళ్లమన్నా వెళతాను.

అయితే అరటిపండు నిలవలేదు. వెనక వరసలో కూడా మనుషులు కూర్చుంటే గుడ్డ చుట్టలు పెట్టడానికి చోటు లేదని బాబాయి టేపు వేసి చూసి చెప్పాడు. ఆ పూట ఆ హాల్లో ఎవరైనా అన్న తెలివైన మాట అదొక్కటే. పావురంలో ఏడుగురు కూర్చున్నాక కూడా గుడ్డ చుట్టలకు చోటు లేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ టేపు వేసి చూడలేదు. అరటిపండును పడెయ్యడానికి అత్తయ్యకు ఇంకో కారణం దొరికింది. ఆ రంగు తన ఒంటికి నప్పదట. బండి కట్టుకుని తిరుగుతుంది కాబోలు.

మూడోది ఏనుగు. దాని సీట్లు హాల్లోకి తెచ్చేటప్పుడే బాబాయి, ప్రొఫెసర్ మూలిగారు. అది ఊరి బయట పూల మొక్కల నర్సరీ నడిపే ఆవిడది. ఆవిడ కుక్క సీటు అంచు కొరికేస్తే కొత్త గుడ్డ వేయించడానికి తెచ్చింది. దాన్ని అమ్మేస్తానని కూడా చెప్పింది. కొత్త పావురం ధర మీద ఇంకొంచెం వేస్తే ఆ పాత ఏనుగు వస్తుంది. అందుకే అది పోటీలో ఉంది.

బాబాయి సుద్దతో గీసుకుంటూ వెళ్లాడు. హాలు అయిపోయింది. ఏనుగు అవలేదు. గడప మీదుగా గీత దాటించి, వరండాలోకి గీశాడు. ముందు వరస, మధ్య వరస హాల్లో. మూడో వరస వరండాలో, ఎండలో.

"ఇంట్లో పట్టని బండి మనకెందుకు?" అంది పిన్ని.

బండిని ఇంట్లో ఎందుకు పెట్టుకుంటామో నాకు తెలియలేదు. కానీ ఆ వాదన అందరికీ బాగా నచ్చింది. ప్రొఫెసర్ అయితే, "అక్క పాయింటు పట్టుకుంది" అన్నాడు.

పిల్లలిద్దరూ, నేను మూడో వరసలో కూర్చున్నాం. కాళ్లు పూర్తిగా చాచినా ముందు సీటుకు తగల్లేదు. మా వెనక గుడ్డ చుట్టలకే కాదు, ఇంకో మిషనుకు కూడా చోటుంది. కాసేపటికి పిల్లలు ఎండగా ఉందని లోపలికి పారిపోయారు. నేను అక్కడే ఉండిపోయాను. గడప అవతల చల్లగా ఏసీ, గడప ఇవతల నేను, తలుపు బార్లా తెరిచి ఉంది. అందరి వీపులు కనిపిస్తున్నాయి. నిజం వ్యానులో కూడా అలాగే కనిపిస్తాయి కాబట్టి తప్పు పట్టడానికి లేదు.

"దీనికి తాగుడెక్కువ," అన్నాడు బాబాయి మూత తిప్పుతూ. "ఏనుగుని కొనొచ్చు, మేపడమే కష్టం."

"ఆవిడ అమ్ముతోందంటే నచ్చకనే కదా," అంది అత్తయ్య.

నర్సరీ ఆవిడ వచ్చినప్పుడు నేను షాపులోనే ఉన్నాను. ఇదే బండిలో కొత్తది బుక్ చేశానని, అది వచ్చేలోపు దీన్ని అమ్మేస్తానని చెప్పింది. అదే బండి మళ్లీ కొనుక్కునే మనిషి కంటే తృప్తి పడ్డ సొంతదారు ఎక్కడుంటారు? ఆ మాట బాబాయి కూడా విన్నాడు. ఇప్పుడు అత్తయ్య మాటకు తల ఊపుతున్నాడు. వినడానికి చెవులుంటే చాలదు.

"ఈ చుక్కలూ గిక్కలూ నాకొద్దు," అన్నాడు బాబాయి. మూత ఒళ్లో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. "సొంతదారులు రోజూ నా షాపుకే వస్తారు. వాళ్ల మొహాలు చూసేది నేను. పావురం వాళ్లు ఎంతమంది వస్తున్నారు? లైను కడుతున్నారు. అరటిపండు అప్పుడప్పుడు. ఏనుగు? ఇన్నాళ్లకి ఇదొక్కటే వచ్చింది, అదీ కుక్క పుణ్యమా అని. అంటే ఏంటి? జనం కొనేది పావురం."

"కొనడమే కాదు బావా, ఆనందంగా ఉన్నారు."

"అదీ చెప్తున్నా. బండి తీసుకెళ్లేటప్పుడు సీట్లో కూర్చుని 'అబ్బ' అంటారు. ఎన్నిసార్లు వినలేదు? ఆ 'అబ్బ' ముందు నీ ఐదు చుక్కలు ఏ మూలకి?"

ఆ 'అబ్బ' నేనూ విన్నాను. దానికి ముందు జరిగేది కూడా నాకు తెలుసు. ఈ సెలవులంతా షాపులో నా పని అదే. పావురం సీటు గుడ్డ విప్పి, పిన్నులు పీకి, లోపలి స్పాంజి పట్టుకుంటే చేతిలోనే పసుపుపచ్చ పిండిలా రాలిపోతుంది. ఏ సీటు చూసినా అంతే, పెద్దగా వాడకపోయినా అంతే. ఆ పిండి బస్తాకెత్తేది నేను. కొత్త స్పాంజి కోసి పెట్టేది బాబాయి. కూర్చున్నవాడు 'అబ్బ' అంటే ఆ పేరు కంపెనీకి. ఇందాక హాల్లో అందరూ ఒళ్లు వాల్చి మెచ్చుకున్న పావురం సీట్లకు కూడా మొన్ననే బాబాయి కొత్త స్పాంజి పెట్టాడు. తను చేసిన పని మీద తనే కూర్చుని, కంపెనీని పొగుడుతున్నాడు. బాగున్న సీటు తన గుమ్మం తొక్కదని, తొక్కాల్సిన అవసరం దానికి లేదని, సీట్లలోనే పుట్టి పెరిగిన మనిషికి తోచలేదు.

పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడటం నాకు చేతకాదు. కానీ నేను వెనక వరసలో ఉన్నాను, నోరు తెరవకపోతే ఆ వరస ఇక ఉండదు.

"బాబాయ్," అన్నాను. ఎవరికీ వినిపించలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను.

"ఎవరు?" అంది నానమ్మ, వంటింటి వైపు చూసి.

"వెనక సీట్లోంచి," అన్నాడు చిన్నోడు. "పిల్లి మాట్లాడింది."

అందరూ తిరిగారు. ఇంతసేపూ కనిపించిన వీపులే నయం అనిపించింది.

"బాగున్న సీట్లు మన షాపుకి రావు కదా బాబాయ్," అన్నాను. "పాడైనవే వస్తాయి. పావురాలు లైను కడుతున్నాయంటే వాటి సీట్లు పోతున్నాయని. ఏనుగు సీటు పోవాలంటే కుక్క కొరకాలి. అంతే తేడా."

ప్రొఫెసర్ నవ్వాడు.

"అంటే మంచి డాక్టరు దగ్గరికి జనం ఎక్కువ వస్తే డాక్టరు చెడ్డవాడా? ఏం లాజిక్కమ్మా ఇది?"

ఆయనకు చెప్పి లాభం లేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. నేను బాబాయినే చూశాను. బాబాయి లేచి, గోడ పక్కకు జరిపిన పావురం సీటు దగ్గరికి వెళ్లి, బొటనవేలితో దాన్ని నొక్కాడు. స్పాంజి మెల్లగా పైకి లేచింది. మళ్లీ నొక్కాడు. అది తన స్పాంజి అని ఆయనకు అప్పుడు అర్థమైంది. మొహం ఎర్రబడింది. ఆ క్షణం ఆయనలో మా నాన్న పోలిక కనిపించింది. మా నాన్న తప్పు చేశానని తెలిస్తే అలాగే అవుతాడు, ఆ తరవాత తప్పు దిద్దుకుంటాడు.

"నాకు సీటు కావాలి అని చెప్పొచ్చు కదే," అంది పిన్ని, నెమ్మదిగా. "దానికి ఊరంతా తిప్పి తీసుకురావడం ఎందుకు?"

కాదని అనలేకపోయాను. నాకు సీటు కావాలి. నేను చెప్పింది కూడా నిజం. రెండు నిజాలు ఒకే నోట్లోంచి వస్తే ఒకటి రెండోదాన్ని అబద్ధం చేస్తుంది. పిన్నికి ఈ విద్య ఎవరు నేర్పారో గానీ, బాగా నేర్పారు.

"లేదు, పిల్ల చెప్పింది నిజమే," అన్నాడు బాబాయి.

నేను సీటు అంచు పట్టుకున్నాను.

"పావురం స్పాంజి ఉత్త పిండి. నిజం. కొన్నవాడికి నష్టమే. కానీ ఆ నష్టం ఎవరికి? సీటు పోతే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడికి. నేనెవరి దగ్గరికి పరిగెత్తాలి?" ఆయన గొంతు హెచ్చింది. మొహంలో ఎరుపు పోయి వెలుగు వచ్చింది. "స్పాంజి మనది, మిషను మనది, చెయ్యి మనది. ఈ ఊళ్లో ఆ బండి కొనుక్కోదగినవాళ్లం మనమొక్కళ్లమే. ధర చూస్తే తక్కువ. మైలేజీ చూస్తే ఎక్కువ. ఉన్న ఒక్క లోపం మన చేతిలో పని. ఇంకేం కావాలి?"

"అదీ బావా," అన్నాడు ప్రొఫెసర్. "నేను మొదట్నించీ అదే అంటున్నా."

కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఏమిటో అంతకుముందు నాకు పుస్తకంలోనే తెలుసు. తన అజ్ఞానం వల్ల పావురం కొనబోయిన మనిషికి నేను జ్ఞానం ఇచ్చాను, ఇప్పుడు అదే పావురాన్ని గర్వంగా కొంటాడు.

"మరి ఈ పిల్ల ఎక్కడ కూర్చుంటుంది?" అంది నానమ్మ.

ఆ మాట అన్నందుకు నానమ్మ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. ఆ తొందర కూడా తప్పే.

"అత్తయ్యా, పావురంలో ముందు సీటు మీకే అనుకున్నాం," అంది పిన్ని. "ఆయన పక్కన. కిటికీ దగ్గర. మీకు కళ్లు తిరుగుతాయి కదా, గాలి బాగా వస్తుంది."

నానమ్మ ఆలోచించింది. "అద్దం మొత్తం కిందికి దిగుతుందా?"

"మొత్తం దిగుతుంది."

"సరే అయితే," అంది నానమ్మ. ఆ తరవాత నా వైపు చూడలేదు.

"చిన్నోడిని నేను ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను," అన్నాను. "వాడి సీట్లో."

"నేను కూర్చోను," అన్నాడు చిన్నోడు.

"ఫైను వేస్తారమ్మా," అన్నాడు ప్రొఫెసర్. "బెల్టు ఎంతమందికి ఉంటే అంతమందే. చట్టం. కావాలంటే చదివి వినిపిస్తా." చదివి వినిపించాడు కూడా.

"అయినా దీనికి ఇప్పుడు కాలేజీ తొందరేముంది?" అంది అత్తయ్య, కళ్లు తెరవకుండా. "మనమంతా పొద్దున పోతే సాయంత్రం గానీ రాం. ఇంటికి ఒక మనిషి ఉండాలి కదా. వచ్చేసరికి ఇంత వండి పెడితే ఎంత సుఖం."

ఇందాక గుర్తు రాలేదేమో అనుకున్నది ఎవరికీ మరుపు కాదని అప్పుడు తెలిసింది. అత్తయ్య ఆ మాట అప్పటికప్పుడు ఊహించి అనలేదు. అంత అలిసిపోయే మనిషికి అంత తొందరగా ఊహించడం చేతకాదు. పిన్ని ఆశ్చర్యపోలేదు. ప్రొఫెసర్ ఫోనులోంచి తలెత్తలేదు. ఏడుగురికి ఏడు సీట్లు ఎప్పుడో కుదిరాయి. హాలు, సుద్ద, టేపు, గిన్నె మూత, అన్నీ కుదిరిన సంబంధానికి పెట్టిన పెళ్లిచూపులు.

నేను బాబాయి వైపు చూశాను. ఫోనులో మాట ఇచ్చింది ఆయన. ఆయన మూత తిరగేసి, దాని మీది గీత ఏదో గోటితో గీకుతున్నాడు.

"అన్నయ్యతో నేను మాట్లాడతాలే," అన్నాడు మూతతో. "వచ్చే ఏడాది చూద్దాం. చదువు ఎక్కడికి పోతుంది?"

చదువు ఎక్కడికీ పోదు. అది ఆ రోడ్డు మీదే ఉంటుంది. పోవాల్సింది నేను. అంత చిన్న విషయం కూడా చెప్పించుకుంటే గానీ అర్థం కాని మనిషికి చెప్పడం కంటే ఊరుకోవడం మేలు. నిజానికి ఆయనకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే మూతతో మాట్లాడాడు.

తరవాత మాటలు రంగు మీదికి మళ్లాయి. పావురం బూడిద రంగులోనే కాక ఇంకా రెండు రంగుల్లో దొరుకుతుందట. తెలుపు మీద మురికి కనిపిస్తుందని పిన్ని, ఎరుపు దూరం నుంచే తెలుస్తుందని అత్తయ్య. దూరం నుంచి తెలిస్తే ఏం లాభమో మళ్లీ ఎవరూ అడగలేదు. పెద్దోడు, చిన్నోడు వెనక కిటికీ నాదంటే నాదని మొదలుపెట్టారు. రంగును బట్టి ధర మారుతుందా అని నానమ్మ అడిగింది. ఆమె నుంచి వచ్చే ప్రశ్నలు అప్పటికి కిటికీల దాకా, రంగుల దాకా దిగిపోయాయి.

నేను మూడో వరసలోనే ఉన్నాను. లేచి లోపలికి వెళ్లాలంటే వాళ్ల మధ్యలోంచి నడవాలి. ఎవరి మొహం ఎలా ఉందో చూడాలి. వాళ్ల మొహాల్లో చూడటానికి ఇంకేమీ మిగిలిలేదని తెలిసి కూడా, లేవలేకపోయాను. ఏనుగు సీటు మాత్రం మెత్తగా ఉంటూనే దిట్టంగా ఉంది. ఇన్నేళ్లు వాడినా దాని స్పాంజి రాలలేదు. మనుషుల్లో కూడా అలాంటివాళ్లు ఉంటారేమో, ఆ హాల్లో లేరు.

"ఏవండీ, ఏసీ అంతా బయటికే పోతోంది," అంది పిన్ని. "ఆ తలుపు వెయ్యండి."

బాబాయి లేచాడు. గడప దాకా వచ్చాడు. తలుపు మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు. లోపలికి రమ్మంటాడనుకున్నాను. ఏదో అనబోయాడు కూడా. ఆయన వెనక నుంచి ఎరుపే ఖాయం అని అత్తయ్య గొంతు వినిపించింది.

"ఆ సీటుకి ఎక్కడన్నా పిన్నులు మిగిలాయేమో చూసి పీకెయ్యమ్మా," అన్నాడు. "రేపు ఆవిడొస్తుంది."

తలుపు వేశాడు.